గుడ్లున్న కొయ్యంగ

సముద్రం వేడెక్కాక గుడ్లలోంచి మగచేపలే పుడుతున్నాయి. అందుకే నూకరత్నం మొగుడు తెచ్చిన బకెట్లో, బతికున్న కొయ్యంగ చేప ఒకటి ఉబ్బిన పొట్టతో కనబడగానే, అత్త దానమ్మ ఆ బకెట్‌ను కత్తిపీట దగ్గరికి లాక్కుంది.

“గుడ్ల ఏపుడు తిని ఎన్నేళ్లయినాదో. బేగి కొయ్యే. సల్లతొట్టోళ్లు సూస్తే అట్టుకుపోతారు.”

ఆడచేపలను చల్లటి తొట్లలో పెంచి గుడ్లు పెట్టించే సర్కారు మనుషులను ఊరంతా అలాగే పిలుస్తుంది.

నూకరత్నం కత్తిపీట ముందు కూర్చుని చేప కడుపు తడిమింది. మూడో కాన్పులోనూ ఆడపిల్లే పుట్టిందని, తనకు మెలకువ రాకముందే ఈ అత్త పసిగుడ్డును ఎవరికో ఇచ్చేసింది. ఎవరికిచ్చిందో ఇన్నేళ్లుగా చెప్పలేదు.

“నా మూడో పిల్ల ఎక్కడుందత్తా? సెప్తేనే కోస్తాను.”

దానమ్మ చేపను చూసింది, కోడలిని చూసింది, గుటక వేసింది.

“కళింగపట్నంలో. వలలు కుట్టే ఎర్రయ్య ఇంట్లో.”

నూకరత్నం కత్తిపీట మడిచి, బకెట్ అందుకుని లేచింది.

“ఎక్కడికే? కోస్తానన్నావు గదే.”

“దీన్ని సల్లతొట్టిలో దించేసి, అట్నుంచటే కళింగపట్నం పోతాను. మగచేపలు గంపలో ఉన్నాయత్తా. నీ మగబిడ్డ ఏపి పెడతాడు, తిను.”