కుర్చీ కింది చీలిక

"తాతగారూ, కాస్త లేస్తారా? ఆ కుర్చీకి ఫొటో తీయాలి."

ముసలాయన లేవలేదు. ఒకసారి ముందుకు వంగి, మళ్లీ వెనక్కి వాలాడు.

"కుర్చీ కూర్చోడానికే కదమ్మా," అన్నాడు.

ఫోన్ పట్టుకున్న స్నేహితురాలు కిసుక్కున నవ్వింది. కాలేజీ వడ్రంగి షెడ్డు తలుపులు తీసి ఉంటే ఎవరో ఒకరు వచ్చి కూర్చోవడం మామూలే.

కుర్చీ చేసిన అమ్మాయికి మాత్రం నవ్వు రాలేదు. ఈ నెలతో చదువు అయిపోతుంది. పేరున్న ఫర్నిచర్ కార్ఖానాలో ఒకే ఒక్క ఖాళీ ఉంది. అది రాకపోతే మేనత్త కొట్టులో బట్టలు మడతపెట్టుకుంటూ బతకాలి. మూడేళ్లుగా చేసిన పనంతా ఫొటోలు తీసి వెబ్‌సైట్‌లో పెట్టుకుంది. ఈ కుర్చీ ఫొటో ఒక్కటే మిగిలింది. సాయంత్రంలోగా పెట్టి కార్ఖానాకి పంపాలి.

ఆయన లేచాడు గాని పోలేదు. వంగి, సీటు కింద చెయ్యిపెట్టి తడిమాడు.

"వెనక కాలు చీలిందమ్మా."

"తెలుసు."

"జిగురూ రంపంపొట్టూ కలిపి చీలికలో కూరావు."

"అవును."

"ఎందుకు చీలింది?"

అబద్ధం నోటిదాకా వచ్చింది. ఎందుకో మింగేసింది.

"చెక్క ఆరలేదండీ. తొందరపడి బిగించేశాను."

"మరి దానికీ ఓ ఫొటో తియ్యి."

"తప్పులు చూపించుకుంటే ఉద్యోగం ఎవరిస్తారు తాతగారూ?"

"పైన పటారం, లోన లొటారం," అంది స్నేహితురాలు. "ఫొటోలో లోన కనబడదులే."

ముసలాయన ఆ మాట పట్టించుకోలేదు.

"ఓ పది నిమిషాలు నా పక్కన కూర్చో తల్లీ. కాలు ఊడదీయకుండా దీన్ని ఎలా బాగుచెయ్యాలో చూపిస్తాను."

"వెలుతురు పోతోందండీ. ఇంకోసారి చూపిద్దురుగాని."

"ఇంకోసారా," అన్నాడాయన. చేతికంటిన పొట్టు దులుపుకుని వెళ్లిపోయాడు.

ఫొటో బాగా వచ్చింది. చీలిక అందులో కనబడలేదు.

వారం తిరక్కుండానే కార్ఖానా నుంచి పిలుపొచ్చింది. గదిలో యజమానురాలు ఒక్కతే ఉంది.

"నీ ఫొటోలు బావున్నాయి. నలభైమంది పంపారు. అందరివీ బావున్నాయి. ఫొటోకి నిలబడితే ఎవరం మాత్రం బావుండం?"

అమ్మాయి లేవబోయింది.

"భయపడకు. ఉద్యోగం నీదే. మీ షెడ్డుకొచ్చి నీ కుర్చీలో కూర్చున్నారే, ఆయన నీ గురించే చెప్పారు. ‘తప్పుని ఫొటోలో చూపలేదు గాని, మనిషి అడిగితే చెప్పింది’ అన్నారు."

అమ్మాయి తల వంచుకునే అడిగింది.

"ఆయన ఇక్కడే ఉంటారా మేడమ్? ఆ కాలు బాగుచెయ్యడం నేర్చుకుంటాను."

యజమానురాలు కిటికీలోంచి పనిశాలకేసి చూపించింది. వరసగా బల్లలు. అన్నిటి మీదా మనుషులు వంగి పని చేస్తున్నారు. చివరిది మాత్రం ఖాళీగా, శుభ్రంగా తుడిచి ఉంది.

"ఆ చివరి బల్ల రేపట్నుంచి నీది," అంది. "మొన్నటిదాకా ఆయనదే, మా పెద్దమేస్త్రిగారు. నేర్చుకుంటానని ఒక్కరు కూర్చున్నా ఇంకో ఏడాది ఉండి తన పనంతా నేర్పి పోతానని మీ షెడ్డుకొచ్చారు. ఎవరూ కూర్చోలేదుట. తిరిగొచ్చి పనిముట్లు సర్దుకుని కూతురి దగ్గరికి వెళ్లిపోయారు."