రెండో సగం

ఇంగ్లండ్‌లోని స్లౌలో, మా క్లినిక్‌లో భీమయ్య అంకుల్ బీపీ చూస్తే రెండు వందలు దాటింది.

“గోలీలు బంద్ పెట్టిన డాక్టరమ్మా.”

“ఎవరు చెప్పారు అంకుల్?”

ఆయన నన్ను అనుమానంగా చూశారు. “నువ్వే గద,” అంటూ ఫోన్ ముందుకు జరిపారు.

అందులో ఉన్నది నేనే. “బీపీ మాత్రలు కిడ్నీలను తినేస్తాయి, మానేయండి,” అంటున్నాను.

ఫోన్లలో తిరిగే అబద్ధాన్ని ముందు చెప్పి, అది ఎందుకు తప్పో తర్వాత వివరించిన వీడియో అది. ఎవరో ఆ రెండో సగం కోసేసి పంచారు.

నా ఫోన్‌లో వీడియో మొత్తం చూపించాను. ఆయన శ్రద్ధగా చూశారు. తర్వాత తలుపు వైపు చూసి గొంతు తగ్గించారు.

“ఈ రెండోది నీతోని పైవాళ్లు చెప్పిచ్చిన్రు గదా బిడ్డా? నువ్వు భయపడకు. నీ నౌకరీ పోవద్దు. గోలీలు వేసుకుంటున్నడనే రాసుకో.”