నూకాలు మీద ఒట్టు

ఈ కాలంలో జ్వరం చూసే పుల్ల లేని ఇల్లయినా ఉంటుందేమో గానీ, యావ పట్టీ లేని ఇల్లు లేదు. తాగుడు మానలేనివాడు ఒకటి, ఇంట్లోవాళ్లు ఒకటి చేతికి కట్టుకుంటే, వాడి యావ వీళ్ల ఒంట్లోనూ పుడుతుంది.

గాజువాక అప్పలనరసమ్మ మాత్రం దాన్ని ముట్టుకోలేదు. కొడుకు దేముడు తన కూతురు నూకాలు తల మీద చెయ్యి వేసి ఒట్టు పెట్టాడు, ఒట్టు తప్పి తాగాడు. ఆ వానల్లోనే పిల్ల జ్వరంతో పోయింది.

"ఒట్టు తప్పి పిల్లని పొట్టన పెట్టుకున్నావు గదరా!" ఆ మాట ఆమె రోజూ అంటూనే ఉంది.

ఇవాళ తాగుడు మాన్పించే ఆసుపత్రి నర్సు పోరు పడలేక, కొడుకు చేతికి ఒక పట్టీ కట్టి తానొకటి కట్టుకుని, మనవరాలి ఫోటో మీద చెయ్యి వేసింది.

"నూకాలు మీద ఒట్టు. నానైతే ఓర్సుకుంతాను, సూడు!" అని కొడుక్కి చెప్పి, ఎసట్లో బియ్యం పోసింది.

అన్నం ఉడుకు పట్టకముందే గొంతు ఎండిపోయింది. కొడుకు అటక మీద దాచిన సీసాను తనకు తెలియకుండానే దించి, మూత తీసి నోటి దగ్గర పెట్టుకుంది.

దేముడు మెల్లగా ఆ సీసా అందుకుని పక్కన పెట్టి, ఆమె చేతి పట్టీ విప్పాడు.

"రోజూ ఇలాగే ఉంటాదేట్రా?"

"ఊఁ."

ఆమె ఫోటో వైపు చూడలేకపోయింది. కొడుకు తల పొట్టకు అదుముకుంది.

"పిల్ల నీ వల్ల పోలేదురా నాయినా. జొరమొచ్చి పోయింది."

కూతురు పోయిన నాడు కూడా ఏడవని దేముడు వెక్కి వెక్కి ఏడ్చాడు.

"అమ్మా, మళ్లీ యావొస్తే నిన్ను పిలవనా?"