బిగిసిన తాడు

“వాఫిల్‌ని పోటీకి తీసుకెళ్తున్నావా అమ్మా, ఉరికంబానికా? కాస్త తాడు వదులు చెయ్యి,” అంది కుక్కల పోటీ బరి గేటు దగ్గర నిలబడ్డ పదహారేళ్ల కూతురు జోయెల్.

“వదిలితే పారిపోతాడే! రోడ్డు మీద లారీలు. నిన్ను మాత్రం ఒంటరిగా బయటికి పంపుతున్నానా?” అంది తల్లి మార్లా.

“మనం షెడ్డులో ఉన్నాం. లారీలు తలుపు కొట్టి లోపలికొస్తాయా?”

కుక్కతో ఎంతసేపు మాట్లాడినా ఫరవాలేదు గాని, మెడతాడు బిగిస్తే మార్కులు పోయే పోటీ అది. ఈసారి గట్టెక్కితే వాఫిల్‌కి బిరుదు. కుక్క చేత ఏం చేయించాలో రాసిపెట్టిన ప్రతి బోర్డూ చదువుకుంటూ మార్లా వాణ్ణి కూర్చోబెట్టింది, తిప్పింది, పనిలో పనిగా లాగింది. జడ్జిగారి పెన్సిలుకు తీరిక లేదు. ఇంకొక్కసారి లాగితే ఓటమేనని చివరి బోర్డు దగ్గర ఆమెకే అర్థమైంది.

అప్పుడే బరి అవతల ఎవరి చేతిలోంచో సాసేజీ జారి పడింది. వాఫిల్ చెవులు నిక్కాయి.

ఇంకేముంది! వీడు దూకుతాడు, ఎవరినో కరుస్తాడు, పోలీసులొస్తారు. మార్లా పిడికిలి బిగిసింది. అంతలో బిరుదు గుర్తొచ్చి, పళ్లు బిగబట్టి తాడు వదులు చేసింది.

వాఫిల్ సాసేజీ వంక ఓసారి చూసి, ఆమె మోకాలి పక్కనే బుద్ధిగా నడిచాడు.

బిరుదు రిబ్బను చేతిలో పట్టుకుని బయటికొచ్చిన మార్లా మొహం వెలవెలబోయింది. “ఇన్నాళ్లూ వీడే లాగుతున్నాడనుకున్నానే.”

“నేనూ వాడూ మొత్తుకునేది అదే కదమ్మా,” అంది జోయెల్. “కాకపోతే వాడికి రిబ్బనిచ్చారు.”