నెత్తి మీద ఒట్టు

"రిపోర్టులు తారుమారైనయ్, జర మళ్లొకసారి సూడమ్మా," అన్నాడు హనుమాండ్లు, ఉప్పల్‌లోని ల్యాబ్ కౌంటర్ మీద రెండు కాగితాలు పరిచి. "పొగాకు అమ్మేటోణ్ణి నేను. నా రక్తంల లేదట, నా భార్య రక్తంల ఉన్నదట. ఎవలన్న ఇంటే నవ్వుతరు."

ల్యాబ్‌లో పనిచేసే గ్రేసీ పేర్లు సరిచూసింది. "తారుమారు కాలే అంకుల్. రెండోసారి గూడ చేసినం. ఆంటీ రక్తంలనే ఉంది."

ఆ రిపోర్టు చూసే బీమా కంపెనీ అతని భార్య సక్కుబాయి పాలసీ ఆపేసింది. కొంతకాలంగా సాయంత్రమయ్యేసరికి ఆమెకు తల తిరుగుతోంది, కడుపులో తిప్పుతోంది. రేపు దవాఖానా మెట్లెక్కాల్సి వస్తే ఆదుకుంటుందనే హనుమాండ్లు ఇద్దరికీ పాలసీ అడిగాడు.

"ఎవలు ఏం వాడుతరో నన్నడుగు," అన్నాడు. "అపార్ట్‌మెంట్ పిలగాండ్లకు సిగరెట్. చర్లపల్లి హమాలీలకు నమిలే పొగాకు. ముసలమ్మలకు ముక్కుపొడి. నడీడు ఆడోళ్లు నా గిరాకిల లేనే లేరు."

"ఆడోళ్లు సర్వేకొచ్చినోళ్లకే చెప్పరు అంకుల్, దాచుకుంటరు. టెస్టు ముందట దాగదు. నోట్లకెళ్లే గాదు, ఒంట్లకు ఎట్ల పోయినా చూపిస్తది. ఇంటికి పోయి మెల్లగ అడుగున్రి."

దాచుకుంటారన్న మాట హనుమాండ్లు బుర్రలో నాటుకుంది. నాచారం దాకా బండి మీద లెక్క సరిచూసుకుంటూనే వచ్చాడు. ఇంట్లో తయారైన సరుకని ఫ్యాక్టరీ గేట్ల దగ్గర అతని పొగాకుకు మంచి పేరు. ఆ సరుకంతా ఇంటి వెనక రేకుల గదిలోనే ఉంటుంది. గదికి తాళం లేదు. తల తిరగడానికి కారణం దొరికింది, పాలసీ ఆగడానికీ దొరికింది. ఇక మాన్పించడమే మిగిలింది. బేరం కుదిరిన మనిషిలా నిమ్మళంగా బండి ఆపి, నేరుగా రేకుల గదిలోకి వెళ్లాడు.

"సక్కూ, నిజం చెప్పు. ఏం నములుతున్నవ్?"

"పొద్దుగాల తిన్న ఉప్మా ఎప్పుడో అరిగింది. ఇంక నమలనీకి ఏమున్నది?" అంది సక్కుబాయి తల ఎత్తకుండా.

"నవ్వులాట గాదు. నీ రక్తంల పొగాకున్నదట. నన్ను సూడు, ఇన్నేండ్ల సంది ఇదే బేరం. ఒక్క పోగు నోట్లేసుకోలే. నా రక్తం అద్దం లెక్క ఉన్నదట. సరుకు అమ్మాలె గని ముట్టద్దు. అదే నా పద్ధతి. జర నన్ను సూసి నేర్చుకో."

"నా నోట్ల పడితే గద, నేర్చుకునేది."

"అయితే నా నెత్తి మీద చెయ్యి పెట్టి ఒట్టెయ్యి. రేపే కంపెనీతోని కొట్లాడుత."

"ఏస్త, గిట్ల దా."

సక్కుబాయి రోజూలాగే ఉత్త చేతులతో బెల్లం నీళ్లలో పొగాకు పిసుకుతున్న టబ్బులోంచి మోచేతుల దాకా నల్లబడిన చేతులు పైకి తీసింది. లేచి, ఒక చెయ్యి అతని తల మీదికి చాచింది.

హనుమాండ్లు చటుక్కున వెనక్కి జరిగాడు.

"ఆగవే, ముందుగాల చేతులు కడుక్కో. ఆ పొగాకు నాకంటుతది."