రెండో జడ

"ఇంకా అవ్వలేదా? ఆడంగి పనులూ నువ్వూనూ!" సాంబశివరావు తమ్ముణ్ణి కసిరాడు.

అన్న కూతురు లహరికి జడలు వేస్తున్న హరిచరణ్ నవ్వుతూ మొదటి జడకు రిబ్బను కట్టాడు. సాంబశివరావు భార్య పొద్దున్నే జగ్గయ్యపేట బస్సెక్కి ఉద్యోగానికి వెళ్తుంది గనక, పాప జడలు బాబాయి వంతు.

నిజానికి సాంబశివరావు కడుపుమంటంతా జడలేసేటప్పుడు సాగే కబుర్ల మీద. తలకు దువ్వెన తగిలితే చాలు, లహరి బడి సంగతులన్నీ బాబాయికి పూసగుచ్చినట్టు చెబుతుంది. తను అడిగితే మాత్రం "ఏం లేదు నాన్నా" అంటుంది.

ఇంతలో అర్జంటుగా రమ్మని నందిగామ నుంచి ఫోనొచ్చింది. హరిచరణ్ రెండో జడ వదిలేసి హడావుడిగా బండెక్కాడు.

"రామ్మా, నేనేస్తా."

"మగాళ్ళు వెయ్యరన్నావుగా?"

సాంబశివరావు దువ్వెన అందుకున్నాడు. ఎలాగో అల్లి, ట్రాక్టరు మీద పత్తి లోడుకు తాడు బిగించినట్టు రిబ్బను బిగించాడు.

"అబ్బా, నొప్పి నాన్నా!"

గబగబా విప్పేశాడు. "ఎలా వెయ్యాలో నువ్వే చెప్పు తల్లీ."

లహరి చెప్పింది. అతను మెల్లగా అల్లసాగాడు. కాసేపటికి, "నాన్నా, నిన్న మా క్లాసులో ఏమైందో తెలుసా..." అని మొదలుపెట్టింది.

బయట బడి ఆటో హారన్ కొట్టింది.

"కాస్త ఆగవయ్యా! మా అమ్మాయికి జడేస్తున్నా!" వీధంతా వినబడేలా కేకేశాడు సాంబశివరావు.