కుడి చెవి కింద మచ్చ

"ఈ మచ్చ ఎవరిదే?" అత్త కాగితం మీద అచ్చేసిన బొమ్మను కోడలు ఒకాయో ముఖం ముందు ఆడించింది.

బొమ్మలో ఒక ఆడమనిషి తలంటుకుని జుట్టు దువ్వుకుంటోంది. భుజం మీద దుస్తు కాస్త జారింది. చెవి కింద నువ్వుగింజంత మచ్చ. జపానులోని ఎడో నగరంలో ఏ బొమ్మల కొట్టు ముందు చూసినా అదే వేలాడుతోంది.

"నాకేం తెలుసు అత్తయ్యా?"

తెలుసు. అత్త గుడికి వెళ్లిన రోజు, పక్కింటి మేడమీద దిగిన చిత్రకారుడు కిటికీలోంచి అడిగాడు, కాసేపు కదలకుండా ఉండమని. ఉంది. తనను ఒక మనిషి అంతసేపు చూడటం అదే మొదటిసారి. జరిగింది అంతే. అంతేనంటే ఎవరు నమ్ముతారు?

"సాయంత్రం మావాణ్ణి రానీ. మొగుడు మూడున్నర వరుసలు రాసిస్తే చాలు, విడాకులే. ఆ కాగితం రాయించి నిన్ను పుట్టింటికి తోలేస్తా!"

అరుపులకు బావి దగ్గరి ఆడవాళ్లు వచ్చారు. పొరుగింటి ఒతాత్సు బొమ్మ లాక్కుని, ఒకాయో గడ్డం పట్టుకుని తల అటూ ఇటూ తిప్పి చూసింది. పకపకా నవ్వింది.

"కళ్లు కనబడట్లేదా పిన్నీ? మీ కోడలి మచ్చ ఎడమ చెవి కింద. దీనికి కుడి చెవి కింద! పైగా బట్ట చూడు, కుడి అంచు పైకి వేసుకుంది. అలా శవాలకు కదా కట్టేది!"

"పీనుగ లేచి తల దువ్వుకుంటోందర్రా!"

"ఏ గుడ్డివాడు చెక్కాడో!"

అత్త బొమ్మను దగ్గరగా, దూరంగా పెట్టి చూసింది. "నాకు ముందే అనిపించింది. ఇది నీకంటే బాగుంది," అంటూ లోపలికి పోయింది.

ఒకాయో అన్నం మూట కట్టుకుని భర్త దగ్గరికి ఇంచుమించు పరుగెత్తింది.

బొమ్మలు అచ్చేసే చెక్కపలకలు చెక్కే కొట్టంలో ఆమె భర్త గెంపచి కిటికీ పక్కన ఒక్కడే కూర్చుని ఉన్నాడు. తోటి పనివాళ్లు అతణ్ణి చూసి నవ్వుకుంటున్నారు.

"ఎందుకండీ నవ్వుతున్నారు?"

"శవం బొమ్మ గురించి."

"అవునట, ఎవరో గుడ్డివాడు చెక్కాడట!" ఒకాయో కూడా నవ్వేసింది.

గెంపచి ఉలి ఆపలేదు. "చిత్రకారుడి సంతకం సరిగ్గానే పడిందా?"

"పడింది."

"అది విడిగా చెక్కాను. గీసిన కాగితాన్ని పలక మీద బోర్లా అంటించి చెక్కితేనే అచ్చులో కుడి ఎడమలు తారుమారు కావని పన్నెండో ఏటే నేర్చుకున్నాను. నీ బొమ్మ ఒక్కదాన్నే వెల్లకిలా అంటించాను."